రేడియేషన్ గదిలో ఆడపిల్లకి ఉద్యోగమా?

ఒడిశాలోని గుణుపురం నుంచి ఒక తండ్రి అడిగారు: "మా అమ్మాయి ప్లస్ టూ సైన్స్ పాసయింది. నీట్‌లో సీటు రాలేదు. రేడియోగ్రఫీ (ఎక్స్‌రేలు తీసే చదువు) చదువుతానంటోంది. రేడియేషన్ మధ్య పనిచేస్తే రేపు పెళ్లికి, పిల్లలకి ఇబ్బంది కాదా? చేర్చినా డిప్లొమానా, డిగ్రీనా? ఆరు నెలల్లో అయిపోయే సీటీ, ఎంఆర్ఐ టెక్నీషియన్ కోర్సు మేలని కొందరంటున్నారు."

అయ్యా, ముందు భయం సంగతి తేల్చుకుందాం. ఎక్స్‌రే స్విచ్ నొక్కినంతసేపే పుడుతుంది. ఛాతీ ఫిల్ముకి అది సెకనులో చిన్న ముక్క. స్విచ్ వదిలాక గదిలో ఏమీ మిగలదు, గోడలకి పట్టుకోదు. తీసే మనిషి సీసం అద్దం వెనక నిలబడి తీస్తుంది. దూరం రెట్టింపైతే మోతాదు నాలుగో వంతుకి పడిపోతుంది. అటామిక్ ఎనర్జీ రెగ్యులేటరీ బోర్డు పెట్టిన హద్దు అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (ఒంటికి సోకే రేడియేషన్‌ని కొలిచే లెక్క), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. ఛాతీ దగ్గర, సీసం ఏప్రాన్ లోపల పెట్టుకునే టీఎల్‌డీ బ్యాడ్జిని మూడు నెలలకోసారి పంపి ఎంత సోకిందో లెక్క తీస్తారు. గర్భం అని తెలిసి చెప్పగానే డ్యూటీ మారుస్తారు, బిడ్డకి 1 మిల్లీసీవర్టు దాటనివ్వరు.

భయపడాల్సింది క్రమశిక్షణ లేని చోట. బ్యాడ్జి సొరుగులో పడి ఉండే చోట. సీసం ఏప్రాన్‌ని మడతపెట్టి కుర్చీ మీద పడేసే చోట: మడత దగ్గర లోపలి పొర పగిలిపోతుంది, పైకి గుడ్డ బాగానే కనిపిస్తుంది, పగులు లోంచి కిరణాలు వచ్చేస్తాయి. ఏడ్చే పసిపిల్లని ప్రతిసారీ టెక్నీషియనే పట్టుకునే చోట కూడా. ఆ పని ఏప్రాన్ వేసుకుని ఇంటివాళ్లు చెయ్యాలి.

ఇక ఆరు నెలల కోర్సు. ఇది నాకు బొత్తిగా నచ్చదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ప్రకారం డిప్లొమాకైనా కనీసం రెండేళ్లు, 2000 గంటల చదువు ఉండాలి. "స్కానింగ్ కూడా చేయిస్తాం" అని ఎవరైనా అంటే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి. 1994 లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద అల్ట్రాసౌండ్ అర్హత ఉన్న డాక్టరే చెయ్యాలి, కేసైతే పిల్ల కూడా ఇరుక్కుంటుంది. పెద్ద మిషను పేరు చెప్పి ఫీజు లాగేవాళ్లు మామూలు ఎక్స్‌రే నేర్పరు. అసలు చేతిపని ఉన్నదేమో అందులోనే.

ఒక్క ఛాతీ పీఏ వ్యూ, అంటే కిరణాలు వీపువైపు నుంచి పంపి తీసేది, చూడండి. రోగి ఛాతీని కేసెట్‌కి (ఫిల్ము ఉండే పలకకి) ఆనించి నిలబెట్టాలి, గడ్డం పైకెత్తాలి. చేతులు నడుం మీద పెట్టించి మోచేతులు ముందుకి తోయాలి, అప్పుడే భుజం రెక్కలు ఊపిరితిత్తుల మీంచి తప్పుకుంటాయి. కిరణాలు వచ్చే ట్యూబు 180 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. గుండె ఛాతీకి ముందువైపు ఉంటుంది కాబట్టి ఇలా తీస్తే దాని నీడ అసలు సైజుకి దగ్గరగా పడుతుంది. మంచం పట్టిన మనిషికి ముందునుంచి తీసే ఏపీ వ్యూలో అదే గుండె పెద్దదిగా కనబడుతుంది. ఫిల్ము మీద ఏపీ అని రాయకపోతే గుండె ఉబ్బిందనుకుని అనవసర పరీక్షలకి పంపుతారు. గాలి పూర్తిగా పీల్చిన ఫిల్ములో వెనక పక్కటెముకలు తొమ్మిదో పదో లెక్కకొస్తాయి. సగం పీలిస్తే ఊపిరితిత్తుల అడుగు మసకబారి నిమోనియాలా ఉంటుంది. మనిషి వంకరగా నిలబడ్డాడా అన్నది కాలర్ ఎముకల లోపలి కొసలు చెబుతాయి, రెండూ వెన్నుముల్లుకి సమదూరంలో ఉండాలి.

ఎముకలకైతే ఒక వ్యూ ఎప్పుడూ చాలదు. ఎదురుగా తీసినప్పుడు కనబడని విరుపు పక్కనుంచి తీస్తే బయటపడుతుంది. ముంజేయి విరిగితే పైనున్న మోచెయ్యీ కిందనున్న మణికట్టూ ఫిల్ములోకి రావాలి. పేగు చిల్లు పడిందని అనుమానముంటే రోగిని కాసేపు కూర్చోబెట్టి, నిలబెట్టి తీయాలి. పేగులోంచి బయటికొచ్చిన గాలి డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం) కిందికి చేరితేనే కనబడుతుంది. తొందరపడి తీస్తే ప్రాణం మీదికొచ్చే సంగతి దాటిపోతుంది. కుడి ఎడమల గుర్తు పెట్టకపోవడం మరో పెద్ద తప్పు.

మీ ఉత్తరంలో పెళ్లి మాట ఉంది, అమ్మాయికి ఫిజిక్స్ వచ్చా రాదా అన్న మాట లేదు. ఈ చదువుకి బయాలజీతోపాటు అదీ కావాలి. నీట్ పోయిందని ఇంట్లో తలవంచుకు తిరిగే పిల్ల తనంతట తాను ఒక దారి చూపిస్తే, దానిమీద ఊరి వాళ్ల అభిప్రాయాలు సేకరిస్తారా? అది తప్పండీ.

పైగా మీ అమ్మాయికి వైజాగ్ పిల్లలకి లేనిది ఒకటుంది. మీ వైపు ఆస్పత్రికి సవర ముసలమ్మ వస్తుంది, ఒడియా రైతు వస్తాడు, తెలుగు కూలీ వస్తాడు. "గాలి పీల్చి బిగబట్టు" అన్న మాట ఎదుటి మనిషికి అర్థం కాకపోతే ఎంత ఖరీదైన మిషనూ మంచి ఫిల్ము ఇవ్వదు. మూడు భాషల్లో ఆ మాట చెప్పగల పిల్లకి మీ జిల్లాల్లో విలువ ఉంటుంది.

డిప్లొమా రెండేళ్లు. డిగ్రీ మూడేళ్లు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. ముందుముందు పాఠం చెప్పాలన్నా, విదేశాలకి వెళ్లాలన్నా డిగ్రీ నయం. డబ్బు ఇబ్బందైతే డిప్లొమాకి సిగ్గుపడక్కర్లేదు. శ్రీకాకుళం, విశాఖ వైపు చూసేటట్లయితే స్థానికత నిబంధన ముందే చదవండి. ఏ కాలేజీ అయినా సొంత ఆస్పత్రి ఉన్నదే చూడండి. ఫీజు కట్టకముందే ఒకరోజు పొద్దున్న ఓపీ వేళకి అమ్మాయిని తీసుకుని అక్కడి ఎక్స్‌రే గదికి వెళ్లండి. విద్యార్థులు తమ చేత్తో రోగిని నిలబెడుతున్నారా, బ్యాడ్జిలు ఒంటిమీద ఉన్నాయా, ఏప్రాన్లు హ్యాంగరుకి వేలాడుతున్నాయా చూడండి. అక్కడి ప్రశ్నలు మాత్రం అమ్మాయినే అడగనివ్వండి.