సర్వర్ పెట్టబోతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

వనపర్తిలో మీ కాలేజీ మిత్రులందరికీ కలిపి మాస్టొడాన్ లాంటి సోషల్ మీడియా సర్వర్ సొంతంగా పెట్టబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. దాని మీద నెలకు ఎంత వస్తుందని కూడా అడిగింది. ఏమీ రాదు, వాడే ఎదురు కట్టాలి అన్నాను. నల్లగొండలో మా సాహితీ మిత్రులకు అలాంటిదే నేనూ నడుపుతున్నాను కనుక తెలిసింది రాస్తున్నాను.

డొమైన్ పేరు, అంటే సర్వర్ ఇంటర్నెట్ చిరునామా, తొందరపడి పెట్టకు. ఒకసారి ఖాతాలు మొదలయ్యాక మార్చడం కుదరదు, మీతో పోస్టులు ఇచ్చిపుచ్చుకునే బయటి సర్వర్లకు మీరంతా ఆ పేరుతోనే తెలుస్తారు. ఉచితంగా దొరికే పేర్ల జోలికి అసలే పోవద్దు. 2023లో మాలి దేశం, ఒకప్పుడు ఉచితంగా పంచిన తన ‘.ఎంఎల్’ డొమైన్లను చేతిలోకి తీసుకున్నప్పుడు, ఆ పేర్లతో నడుస్తున్న కొన్ని సర్వర్లకు చిరునామాయే లేకుండా పోయింది.

యంత్రం ఇంట్లో పెట్టకు, అద్దెకు తీసుకో. కరెంటు పోతే ఇన్వర్టర్ ఆదుకుంటుంది కానీ ఇంటి ఇంటర్నెట్‌కు చాలాసార్లు సొంత పబ్లిక్ ఐపీ (బయటివారు నేరుగా చేరగల చిరునామా) ఉండదు. మాస్టొడాన్‌కు పోస్ట్‌గ్రెస్, రెడిస్, సైడ్‌కిక్ అనే తోడు ప్రోగ్రాములు అన్నీ కావాలి. మీ కొద్దిమందికి గోటుసోషల్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ చాలు, అది ఎస్‌క్యూలైట్ అనే తేలిక డేటాబేస్‌తోనే నడుస్తుంది. దానిలో పోస్టులు రాయడానికి మాత్రం టస్కీ లాంటి ఫోన్ యాప్ కావాలి. ఏది పెట్టినా బయటి సర్వర్ల పోస్టుల్లోని ఫోటోల నకళ్లు చేరి డిస్కు నిండుతుంది. కొన్ని రోజుల తర్వాత వాటంతట అవే తొలగేలా మొదటిరోజే గడువు పెట్టు.

ఇవన్నీ నువ్వు ఎలాగూ నేర్చుకుంటావు. నా భయం మనుషుల గురించి.

ఎవరైనా వచ్చి చేరవచ్చని తలుపులు తీసి పెట్టకు. 2024 ఫిబ్రవరిలో స్పామర్లు సరిగ్గా అలాంటి చిన్న సర్వర్లనే వెతికి పట్టుకుని వాటి నుంచి ప్రపంచమంతా చెత్త పంపారు. అలాంటివాటిని మిగతా సర్వర్లు అడ్డుకుంటాయి, మంచివాళ్ల మాటలు కూడా దాంతోపాటే ఆగిపోతాయి. అడిగినవారిని చూసి చేర్చుకో.

పెద్ద సోషల్ మీడియా కంపెనీల్లో పోస్టులు సరిచూస్తూ ఎక్కడో కూర్చున్న మనిషికి మన తెలుగులోని ఎత్తిపొడుపు, కులం ఎత్తి చేసే వెక్కిరింపు అందవు. నీకు అందుతాయి. కానీ అన్నవాడు, పడ్డవాడు ఇద్దరూ నీకు తెలిసినవాళ్లే, ఒక్కోసారి బంధువులు కూడా. రేపు పెళ్లిలో పక్కపక్కన కూర్చుని భోంచేయాలి. అందుకే ఏ మాటకు హెచ్చరిక, ఏ మాటకు ఖాతా మూత అన్నది గొడవ రాకముందే రాసిపెట్టు. నీ దగ్గరివాడి తగాదా అయితే తీర్పు ఇంకొకరికి వదిలెయ్. పక్షపాతం లేకపోయినా ఉందనే అంటారు.

ఇంకొకటి చాలామంది దాటవేస్తారు. ఇలాంటి సర్వర్లలో ప్రైవేటు సందేశాలకు ఎన్‌క్రిప్షన్ (ఇతరులు చదవలేకుండా చేసే తాళం) ఉండదు, సర్వర్ నడిపేవాడు తలచుకుంటే డేటాబేస్‌లో చదవగలడు. నువ్వు చదవవని నాకు తెలుసు. అయినా చేరేటప్పుడే అందరికీ చెప్పు. ఊళ్లో ఒకరి సంగతి ఒకరికి తెలిసిన చోట ఇది చిన్న విషయం కాదు.

పాస్‌వర్డులు, డొమైన్ రెన్యువల్ తేదీ తెలిసిన రెండో మనిషి తప్పకుండా ఉండాలి. మానేయాలనిపిస్తే కనీసం మూడు నెలల ముందు చెప్పు. మాస్టొడాన్ వారు తమ జాబితాలో చేర్చే సర్వర్లకు పెట్టిన నియమం కూడా అదే. వేరే సర్వర్‌కు ఖాతా మార్చుకుంటే అనుచరులు వెంట వస్తారు, పాత పోస్టులు రావు.

సర్వర్ ఉన్న కంపెనీ దగ్గరే బ్యాకప్ కూడా ఉంచకు. దసరాకు వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చుకో, ఆ బ్యాకప్‌ను ఖాళీ యంత్రంలో తిరిగి ఎక్కించి చూద్దాం. అది పనిచేశాకే మిత్రులను పిలువు.

మీ మామయ్య,
నల్లగొండ