క్యాంపస్ డైనింగ్ హాల్లో చేసిన పని రెజ్యూమెలో పెట్టొచ్చా?

పెట్టొచ్చు, తప్పకుండా పెట్టండి. అమెరికాలో ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవాళ్లు సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకే పనిచేయొచ్చు. మనవాళ్లు చాలామంది ఆ పనిని చేతిఖర్చులకు పనికొచ్చేదిగానే చూస్తారు. అక్కడే నష్టపోతున్నారు.

క్యాంపస్‌లోని ఐటీ హెల్ప్‌డెస్క్ పని సంగతే చూడండి. పరీక్షకు పది నిమిషాల ముందు ఎవరో లాగిన్ అవట్లేదని కంగారుగా వస్తారు. ముందు వాళ్లని కుదుటపరచాలి. స్క్రీన్ మీద ఏం కనిపిస్తోందో అడగాలి, పాస్‌వర్డ్ సమస్యా, నెట్‌వర్క్ సమస్యా తేల్చాలి. మీ వల్ల కాకపోతే పైవాళ్లకు పంపాలి. ఏమేం చేసి చూశారో టికెట్‌లో (ఆ సమస్య రికార్డులో) రాయాలి, తర్వాతి షిఫ్ట్‌వాళ్లు మళ్లీ మొదట్నుంచి అడగకుండా. రేపు ఏ కంపెనీలో సపోర్ట్ టీమ్‌లో చేరినా చేసేది ఇదే.

డైనింగ్ హాల్లోనూ అంతే. రద్దీలో ఏది ముందో చూసుకోవాలి. వేరుశనగ అలర్జీ ఉందన్న విద్యార్థికి ఊహించి కాదు, వంటవాళ్లని కనుక్కుని చెప్పాలి. పైగా ఇంగ్లీషులో మాట్లాడాలంటే ఉండే బెరుకు పోతుంది.

రెజ్యూమెలో మాత్రం "స్టూడెంట్ వర్కర్" అని రాసి వదిలేయకండి. ఒక్కో షిఫ్ట్‌లో ఎంతమందికి వడ్డించారో, కొత్తగా చేరినవాళ్లకు ఏం నేర్పారో రాయండి. మానేసే ముందే సూపర్‌వైజర్‌ని రిఫరెన్స్ ఇస్తారా అని అడగండి.