రీడా వాల్‌నట్టా, ఏ చెట్టు టాటూ?

నవంబర్ 5న పుట్టారు కదా, డ్రూయిడ్‌ల (పాత సెల్టిక్ పూజారుల) చెట్ల జాతకం ప్రకారం మీ చెట్టుని టాటూ వేయించుకుందామంటే ఒక సైట్ రీడ్ అంటోంది, ఇంకోటి వాల్‌నట్ అంటోంది, ఏది నిజం అని అడిగారు. రెండూ కాదండీ, రీడ్ అని చెప్పే ఆ పదమూడు నెలల చెట్ల క్యాలెండర్ (వాల్‌నట్ అందులో లేదు, అది వేరే కొత్త జాబితాది) రాబర్ట్ గ్రేవ్స్ అనే కవి 1948లో తన పుస్తకంలో కట్టిన ఊహ, పాత డ్రూయిడ్‌లకి అలాంటి జాతకం ఉందనడానికి ఆధారాల్లేవు. పైగా రీడ్ అంటే రెల్లు లాంటి గడ్డి, చెట్టే కాదు!

గీతలతో రాసే పాత ఐరిష్ లిపి ఓగమ్ మాత్రం నిజం, ఐర్లాండ్‌లో రాళ్ల మీద ఇప్పటికీ ఉంది, కొన్ని అక్షరాలకి చెట్ల పేర్లు కూడా ఉన్నాయి. నన్నడిగితే పుట్టినరోజు వదిలేసి ఓక్ వేయించుకోండి, డ్రూయిడ్‌లు ఓక్ మీది బదనికని (మన మామిడికి పట్టే రకం లాంటిదే) బంగారు కొడవలితో కోసేవారని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఓగమ్‌లో ఓక్‌ని దైర్ అంటారు, దాని అక్షరం డ. నిలువు గీత గీసి ఎడమవైపు రెండు అడ్డగీతలు, అంతే. పూర్తి పదం కావాలంటే కింద నుంచి పైకి రాయాలి, రాళ్ల మీద ఎక్కువగా అలాగే చదువుతారు, టాటూ వేసేవాడికి ముందే చెప్పండి లేదంటే తలకిందులు చేసేస్తాడు.