గులకరాయి ఊడిన గుంట

చిరంజీవికి,

గ్రీస్‌లో నిటారు బండల మీద మఠాలున్న మెటియోరా గురించి నువ్వు రాసిన యాత్రా వ్యాసం చదివాను. మొదటి పేజీలో ఆ బండలు ఆకాశాన్ని ముద్దాడాయి. రెండో పేజీలో మళ్లీ ముద్దాడాయి. చివరి దాకా అవి దేనితో తయారయ్యాయో చెప్పనే లేదు. ఒళ్లు మండి ఈ ఉత్తరం రాస్తున్నాను.

బండల కిందున్న కలంబకా ఊరి నుంచి కాలిబాటన ఎక్కావు కదా, బండ మీద చెయ్యి పెట్టి చూడలేదా? కోడిగుడ్డంత, పిడికిలంత నున్నటి గులకరాళ్లు ఇసుకతో కలిసి గట్టిపడ్డ ముద్ద అది. కాంగ్లోమరేట్ అంటారు. రాయి నున్నగా ఉందంటే నీళ్లలో దొర్లిందన్నమాట. కోట్ల ఏళ్ల క్రితం నది తన డెల్టాలో పోసిన రాళ్లవి. తరవాత నేల పైకి లేచింది, నిలువునా పగుళ్లు పట్టాయి, వానా గాలీ చలీ ఆ పగుళ్లను తొలుస్తూ పోయాయి. తొలవగా మిగిలిన స్తంభాలు కొన్ని మైదానానికి 400 మీటర్ల ఎత్తున నిలిచాయి. 14వ శతాబ్దంలో అథనాసియోస్ అనే సన్యాసి మఠం కట్టింది ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న రాళ్ల మీద! ఈ ఒక్క మాట రాసి ఉంటే నీ ముద్దులన్నీ క్షమించేవాణ్ని.

నా తొలి వ్యాసంలో, ఇలాంటి బండలోంచి గులకరాయి ఊడిపోయిన గుంట మీద ఒక పేరా రాశాను. బొటనవేలు పెడితే సరిగ్గా పట్టింది, లోపల చల్లగా, గిన్నె అడుగులా నున్నగా ఉంది. సంపాదకుడు ఆ పేరా కొట్టేసి, తనే ఒక సూర్యాస్తమయం రాసి చేర్చాడు. "పాఠకులకు రాళ్లెందుకండీ?" అన్నాడు. ఆ సాయంత్రం అక్కడ మబ్బు పట్టి ఉంది. నాకు అరవై దాటినా ఆ కోపం చల్లారలేదు.

వల గురించి రాసిన చోటు బాగుంది. 1920లలో మెట్లు చెక్కేదాకా మనుషుల్ని వలలో కూర్చోబెట్టి తాడుతో పైకి లాగేవారని రాశావు. గోడ అంత నిటారుగా ఎందుకుందో చెప్పకపోతే వల ఉత్త వింతగానే మిగులుతుంది. ఆ పగుళ్లు నిలువుగా పట్టబట్టే కదా వల కావలసివచ్చింది.

శీర్షిక గురించీ, ఏ పత్రికకు పంపాలన్నదాని గురించీ అడిగావు. తరవాత చూద్దాం.

వర్లామ్ మఠంలో పెద్ద ఓక్ పీపా చూశానని ఒక్క వాక్యంలో దాటేశావు. అందులో 12 టన్నుల నీళ్లు పట్టేవి. అంత ఎత్తు బండ మీద వాన నీళ్లే గతి. మళ్లీ రాసేటప్పుడు ఆ పీపా దగ్గర మొదలుపెట్టు.