రెండు నిమిషాల పల్టీలకు 17 లక్షలా?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

గత సంచికలో జెట్ స్కీ ఫ్రీస్టైల్ గురించి, అంటే నీటి మీద మోటారు బండితో పల్టీలు కొడుతూ న్యాయనిర్ణేతల చేత మార్కులు వేయించుకునే క్రీడ గురించి, ఒక చిన్న వ్యాసం ప్రచురించాము. ఖర్చులు భరించలేక పోటీదారులు ఒక్కొక్కరే తప్పుకుంటున్నారని అందులో ఒకే ఒక్క వాక్యం ఉంది. సముద్రపు గాలి సోకని చిత్తూరు నుంచి కూడా ఆ వాక్యం మీదనే ఉత్తరాలు వస్తాయని మేము అనుకోలేదు. వాటిలో అయిదింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: అయ్యా, మా అబ్బాయి దుబాయిలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ ఈ ఆట చూసి, కొన్నాళ్ళు నేర్చుకుని, ఇప్పుడు పోటీలకు దిగుతానంటున్నాడు. పోటీకి పనికివచ్చే బండి 20 వేల డాలర్లట. డాలరు 85 రూపాయలని వేసుకున్నా 17 లక్షలు. కంపెనీవాళ్ళ కొత్త బండి అందులో సగం ధరకే దొరుకుతుందని వాడే చెబుతున్నాడు, అది చాలదా అంటే చాలదంటున్నాడు. రెండెకరాల మామిడితోట అమ్మి పంపమంటున్నాడు. ఒక నీటి బండికి ఇంత ఖర్చు ఎందుకవుతుంది? ఆ ఆటకు ముందు ముందు బతుకు ఉందా? – ఒక రైతు, దామలచెరువు

జవాబు: మీ అబ్బాయి లెక్క తప్పు కాదు. పైస్థాయి పోటీ బండి 20 వేల డాలర్లను సులభంగా దాటుతుంది. కంపెనీ బండి చాలదన్న మాట కూడా నిజమే. అయితే ఎందుకు చాలదన్నదే అసలు విషయం కనుక, అక్కడి నుంచే మొదలుపెడతాము.

ముందుగా పేరు గురించి ఒక మాట. జెట్ స్కీ అన్నది కవాసాకి కంపెనీ సొంత వ్యాపారనామం. ఫొటోకాపీని మనమందరం జిరాక్స్ అన్నట్టే, ఏ కంపెనీ నీటి బండినైనా జనం జెట్ స్కీ అనడం అలవాటైపోయింది. 1970ల తొలినాళ్ళలో కవాసాకి అమ్మకానికి తెచ్చిన ఆ తొలి బండి మీద కూర్చునే వీలు లేదు, ఒక్క మనిషి నిలబడి నడపవలసిందే. ఫ్రీస్టైల్ ఈనాటికీ ఆ నిలబడే రకం బండ్లతోనే సాగుతోంది. 1990లో యమహా సూపర్‌జెట్ వచ్చిన తరువాత, ఈ ఆటలో ఎక్కువ మందికి అదే మూలవిరాట్టు అయింది.

ఆ రోజుల్లో కంపెనీ నుంచి వచ్చిన బండికి చిన్న చిన్న మార్పులు చేసుకుని పోటీకి వెళ్ళేవారు. ముక్కును నీటిలోకి ముంచి కొంత దూరం లోపలే వెళ్ళి పైకి తేలడం, తోక మీద నిలబెట్టడం, బండిని పీపాలా పక్కకు దొర్లించడం వంటివి చేస్తే చాలు, జనం ఈలలు వేసేవారు. అయితే పోటీదారుకు ఇచ్చే సమయం రెండు నిమిషాలే, మార్కులేమో కష్టానికి. ఒకడు కొత్త విన్యాసం చేసి గెలిస్తే మరుసటి సంవత్సరానికి అది పదిమందీ చేసేదవుతుంది, అప్పుడు గెలవదలచినవాడు ఇంకొక మెట్టు ఎక్కక తప్పదు. అలా ఎక్కుతూ ఎక్కుతూ, అల అన్నది లేని నిశ్చలమైన నీటి మీద నుంచి బండితో సహా వెనక్కి పల్టీ కొట్టే దశకు వచ్చారు. ఎగరడానికి అక్కడ దిబ్బ ఉండదు, వాలు ఉండదు. కింద నుంచి నీటిని పీల్చుకుని వెనక గొట్టం గుండా వేగంగా చిమ్మే పంపు ఒక్కటే ఆ బండినీ, దాని మీది మనిషినీ గాలిలోకి ఎత్తాలి. అందుకు బండి వీలైనంత తేలికగానూ, ఇంజిను వీలైనంత బలంగానూ ఉండాలి. వేలమంది సరదాగా నడపడం కోసం తయారైన కంపెనీ బండి ఈ రెండింటిలో దేనికీ సరిపోదు.

అందువల్ల పోటీదారు బండి కొని దానిలోని ప్రతి భాగాన్నీ మార్చుకోవడం మొదలుపెట్టాడు. మామూలు ఫైబర్ బాడీ తీసివేసి కార్బన్ ఫైబర్ బాడీ వేయిస్తాడు. సుమారు 700 సీసీ ఉన్న ఇంజినుకు బదులు 1000 సీసీ, అంతకు మించినది పెట్టిస్తాడు. దాని బలానికి తగిన పంపు, ఇంపెల్లర్ (పంపులో తిరుగుతూ నీటిని తోసే రెక్కల చక్రం), పట్టుకునే దండం, గాలిలో పాదాలు జారిపోకుండా పట్టీలు, ఇగ్నిషన్ పెట్టె, అన్నీ కొత్తవే. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడరాదని పెద్దలు అన్నారు కానీ, ఈ ఆటలో అంకుశమే ఏనుగు కంటే ఖరీదయింది. ఈ భాగాలను తయారుచేసేవారు చిన్న చిన్న కార్ఖానాలవారు. ఒక అచ్చు తయారుచేసి దాని నుంచి సంవత్సరానికి కొద్ది బాడీలే తీస్తే, అచ్చు ఖర్చంతా ఆ కొద్దింటి మీదే పడుతుంది. మగ్గం మీద నేసిన వెంకటగిరి చీరకూ మిల్లు చీరకూ ధరలో తేడా ఎందుకుంటుందో మీ ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. ఇక్కడా అదే లెక్క.

కొనేవారు తగ్గడం దీనికి తోడయింది. 1995లో అమెరికాలో అన్ని రకాల నీటి బండ్లూ కలిపి సుమారు 2 లక్షలు అమ్ముడుపోయాయి, 2000 దాటిన కొద్దికాలానికే ఆ సంఖ్య సగానికి పడిపోయింది. మిగిలిన కొనుగోలుదారులు కూడా కుటుంబంతో కూర్చుని తిరిగే పెద్ద బండ్ల వైపే మొగ్గారు. కంపెనీలు సహజంగానే తమ పెట్టుబడిని, ప్రచారపు సొమ్మును అటు మళ్ళించాయి, నిలబడే బండి పెరటి చెట్టయింది.

బండి కొనడంతో ఖర్చు ఆగదు. గరిష్ఠ బలం కోసం బిగించిన ఇంజినుకు పిస్టన్లు, రింగులు తరచుగా మార్చాలి. మామూలు పెట్రోలు దానికి పడదు, అధిక ఆక్టేన్ ఇంధనం కావాలి. బండిని ఓడ కంటెయినర్లో దేశాలు దాటించాలి. చాలామంది పోటీదారులకు వచ్చే బహుమతి సొమ్ము ఆ రవాణాకే చాలదు.

ఇక తోట సంగతి. 2025లో తోతాపురి కాయకు కిలోకు 12 రూపాయలు ఇప్పించడానికి ప్రభుత్వమే అందులో 4 రూపాయలు భరించవలసి వచ్చిన సంగతి మాకంటే మీకే బాగా తెలుసు. ఆ ధరకు 17 లక్షలు రావాలంటే 140 టన్నుల పైచిలుకు కాయ తూగాలి. తోట అమ్మవద్దు. మీ అబ్బాయి ఉన్న చోటు మాత్రం ఈ ఆటకు చాలా అనుకూలమైనది: ఫ్రీస్టైల్‌లో అంతర్జాతీయ మోటారు పడవల సమాఖ్య యూఐఎం వారి ఆక్వాబైక్ ప్రపంచ టైటిళ్ళు పలుమార్లు గెలిచిన రషీద్ అల్ ముల్లా ఎమిరేట్స్ దేశస్థుడే. కనుక అతను అక్కడి నిబంధనల ప్రకారం అనుమతి పత్రాలు తీసుకుని, పాత టూ స్ట్రోక్ సూపర్‌జెట్ ఒకదానిని తన జీతంతో కొనుక్కుని, రెండు మూడేళ్ళు దాని మీదే సాధన చేయవచ్చు. పాత బండి మీద పీపాలా దొర్లించడం రానివాడికి కార్బన్ బండి మీద కూడా పల్టీ రాదు. ఇక దానిని మన దేశానికి తెచ్చుకునే ఆలోచన పెట్టుకోవద్దని చెప్పండి. వాడిన వస్తువుల దిగుమతికి వేరే అనుమతి కావాలి, సుంకం కట్టాలి, ఆ పైన విలాస పడవల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం జీఎస్టీ ఉంది.

ప్రశ్న: టూ స్ట్రోక్ ఇంజిన్లు ఆగిపోవడం వల్లనే ఈ క్రీడ దెబ్బతిన్నదని విన్నాను. ఫోర్ స్ట్రోక్ కానీ, ఎలక్ట్రిక్ కానీ ఆ స్థానాన్ని తీసుకోలేవా? – ఇంజనీరింగ్ విద్యార్థి, తిరుపతి

జవాబు: 1996లోనే తయారీ ఆగిపోయిన ఆర్‌ఎక్స్ 100 అనే టూ స్ట్రోక్ మోటారు సైకిలును మీ కళాశాల దారిలో ఇప్పటికీ ఎవరో ఒకరు మోగించుకుంటూ పోతూనే ఉంటారు, ఆ మోజుకు కారణమేదో అదే మీ ప్రశ్నకు సగం సమాధానం. టూ స్ట్రోక్ ఇంజినులో క్రాంకు తిరిగే ప్రతి చుట్టుకూ ఒక శక్తి ఘాతం, అంటే పిస్టన్‌ను తోసే పేలుడు, వస్తుంది, ఫోర్ స్ట్రోక్‌లో రెండు చుట్లకు ఒకటి. వాల్వులు, కామ్ షాఫ్ట్ ఉండవు కనుక బరువు తక్కువ. ఆయిల్ పెట్రోలులోనే కలిసి ఉంటుంది కనుక బండి తలకిందులైనా ఇంజినుకు నూనె అందదేమోనన్న బెంగ లేదు. పల్టీలు కొట్టే బండికి ఇంతకంటే అనువైన ఇంజిను లేదు. కాలని పెట్రోలు, ఆయిలు పొగగొట్టం గుండా నీటిలోకి పోవడమే దాని పాపం. 1996లో అమెరికా పర్యావరణ సంస్థ పడవ ఇంజిన్లకు ఉద్గారాల నియమాలు తెచ్చింది మొదలు, ఒక్కొక్క కంపెనీ టూ స్ట్రోకును వదులుకుంటూ వచ్చింది. కవాసాకి 2017లో నిలబడే బండిని 1498 సీసీ ఫోర్ స్ట్రోకుతో తెచ్చింది. అందరికంటే ఎక్కువ కాలం పట్టుకుని ఉన్న సూపర్‌జెట్ కూడా 2021లో 1049 సీసీ ఫోర్ స్ట్రోకుగా మారి, సుమారు 139 కిలోల బండి 170 కిలోల బండి అయింది. ఆ 30 కిలోలూ సరదాగా నడిపేవాడికి తెలియవు, పల్టీ కొట్టేవాడికి మాత్రం మూటకట్టి భుజాన పెట్టినట్టే ఉంటాయి.

ఎలక్ట్రిక్ మోటారు బలం తొలి క్షణంలోనే అందుతుంది, ఆ గుణం ఈ ఆటకు వరమే. అడ్డుపడేది బ్యాటరీ బరువు. ఎలక్ట్రిక్ నీటి బండ్లను ముందుగా మార్కెట్‌కు తెచ్చిన వాటిలో ఒకటైన కెనడా కంపెనీ టైగా 2024లో అప్పులవారి నుంచి కోర్టు రక్షణ కోరవలసి వచ్చింది, తరువాత అది చేతులు మారింది. అయితే మీరు ఇంజనీరింగ్ విద్యార్థి కనుక ఒక మాట: పోటీదారుకు కావలసింది గంటల తరబడి నడిచే బ్యాటరీ కాదు, రెండు నిమిషాలకు సరిపోయేది. అంత చిన్న బ్యాటరీతో బండిని ఎంత బరువుకు దించవచ్చో లెక్క కట్టి చూడవలసిన పని మీవంటివారిదే.

ప్రశ్న: జకార్తా ఏషియన్ గేమ్స్‌లో జెట్ స్కీ ఉంది కదా. ఒలింపిక్స్‌లో చేరిస్తే ప్రభుత్వాల డబ్బు వచ్చి ఖర్చుల సమస్య తీరిపోదా? – ఒక ఉపాధ్యాయిని, శ్రీకాళహస్తి

జవాబు: 2018 ఏషియన్ గేమ్స్‌లో జెట్ స్కీ ఉన్న మాట నిజమే కానీ, అక్కడ ఉన్నవన్నీ బండ్ల వేగపు పందేలు, ఫ్రీస్టైల్ లేదు. ఒలింపిక్స్‌లో మోటారు పడవల పందేలు 1908 లండన్ క్రీడలలో ఒక్కసారి జరిగాయి, మళ్ళీ ఆ వంక చూసినవారు లేరు. కనుక ఆ ఆశ పెట్టుకోనవసరం లేదు.

మా ఉద్దేశంలో ఈ ఖర్చును పెంచింది మార్కుల పద్ధతి, తగ్గించగలిగేది కూడా అదే. ప్రతివారూ కంపెనీ నుంచి వచ్చిన బండితో, మార్పులేమీ చేయకుండా దిగాలని ఒక ప్రత్యేక విభాగం పెట్టి, దానినే ప్రధాన విభాగంగా నడిపితే న్యాయనిర్ణేత చూసేది మనిషిని అవుతుంది. అలాంటి చవక బండ్లు లేకపోలేదు. బీఆర్‌పీ కంపెనీ సీ-డూ బ్రాండు కింద 2014లో స్పార్క్ అనే బండిని 4,999 డాలర్ల ప్రారంభ ధరకు తెచ్చింది, 2017లో దానికే ముక్కు పైకెత్తి ఆడించే వీలు కల్పించి ట్రిక్స్ అనే రకం తెచ్చింది. అది కూర్చునే రకం, దానితో పల్టీలు కొట్టి ప్రపంచ టైటిల్ గెలుస్తారని మేము అనడం లేదు. కొత్తవారు కార్బన్ బండి కొనకుండానే ఈ ఆటలో అడుగుపెట్టగలరని మాత్రమే అంటున్నాము.

దీనికి అడ్డంకి నిర్వాహకుల భయం. గాలిలో వరుస పల్టీలకు అలవాటుపడిన ప్రేక్షకుడు, ముక్కు పైకెత్తే విన్యాసాన్ని చూసి లేచిపోతాడేమోనని వారి అనుమానం. ఆ అనుమానం పూర్తిగా నిరాధారమని చెప్పలేము. అయితే పోటీదారులే రాని పోటీకి ప్రేక్షకుడు ఎలాగూ రాడు. మరొక దారి సముద్రపు అలలది. విరిగే అల మీద నుంచి ఎగిరే ఫ్రీరైడ్ అనే శాఖలో, ఎత్తే పనిలో సగం అలే చేస్తుంది కనుక అంత బలమైన ఇంజిను అక్కరలేదు. ఖర్చు భరించలేనివారు అటు వెళ్ళడం సహజం, ఈ క్రీడ రేపు నిలబడితే అక్కడే నిలబడుతుందని మా నమ్మకం.

ప్రశ్న: నాకు పుత్తూరులో టూ వీలర్ మెకానిక్ షాపు ఉంది. ఇంజిను సిలిండరుకు బోరు వేయడం, క్రాంకు సరిచేయడం నా చేతిలో పని. ఫైబర్ పని తెలిసినవారు చెన్నైలో ఉన్నారు. మనమే ఒక బండి తయారుచేసుకోలేమా? – ఒక మెకానిక్, పుత్తూరు

జవాబు: బాడీ తయారుచేసుకోవచ్చు. మన జాలరుల ఫైబర్ పడవలు తయారయ్యేదీ అచ్చుల మీదే. ఇంజిను పనిలో కూడా మీ చేతికి కొత్తగా నేర్పవలసింది తక్కువే ఉంటుంది. చిక్కంతా పంపు దగ్గర. ఇంపెల్లర్ రెక్క అంచుకూ దాని చుట్టూ ఉన్న గోడకూ మధ్య సందు వెంట్రుకవాసి మాత్రమే ఉండాలి. అది కాస్త పెరిగినా నీరు వెనక్కి జారి, ఇంజిను అరుస్తుందే తప్ప బండి కదలదు. ఇసుక పీల్చుకున్న ప్రతిసారీ ఆ సందు అరుగుతుంది కూడా. పంపు మాత్రం కంపెనీది తెప్పించుకుని, మిగిలినది ఇక్కడ చేయడం మంచిది. రెండవది, బండిలోపల నీరు చేరినా మునిగిపోకుండా ఫోము నింపాలి, మనిషి పడిపోగానే ఇంజిను ఆగిపోయేటట్టు మణికట్టుకు కట్టుకునే తాడు మీట ఉండాలి. ఈ రెండూ లేకుండా ఎవరినీ ఎక్కనీయవద్దు.

ప్రశ్న: కల్యాణి డ్యాంలో కానీ, పులికాట్‌లో కానీ సాధన చేసుకోవచ్చా? – ఒక యువకుడు, చిత్తూరు

జవాబు: వీలు కాదు. కల్యాణి డ్యాం తిరుపతికి తాగునీరు ఇచ్చే జలాశయం, పెట్రోలు, ఆయిలు కలిపి కాల్చే బండికి అక్కడ చోటు ఉండకూడదు. పులికాట్ పక్షుల అభయారణ్యం, పైగా చాలా భాగం మీటరు లోతు కూడా ఉండదు, ముక్కు ముంచే విన్యాసం చేస్తే ముక్కు బురదలో దిగబడుతుంది. 2021 నాటి ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం ప్రకారం లోతట్టు నీటిలో తిరిగే మోటారు పడవకు తనిఖీ, రిజిస్ట్రేషన్ ఉండాలన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. ముందు ఈత బాగా నేర్చుకుని, ఆ తరువాత గోవాలోని జాతీయ జలక్రీడల సంస్థలో నీటి బండ్లు నడపడం నేర్పే కోర్సు వివరాలు అడిగి తెలుసుకోండి. నడపడం వచ్చిన తరువాత కూడా జాలరులు వలలు వేసే చోటికి, జనం స్నానాలు చేసే చోటికి బండిని తీసుకువెళ్ళవద్దు: యాక్సిలరేటర్ వదిలేస్తే చిమ్మే నీరు ఆగిపోతుంది, నీరు చిమ్మకపోతే హ్యాండిల్ ఎటు తిప్పినా బండి తిరగదు.