ముందు ఎదగనివ్వాలి, తర్వాతే ఫ్రీజింగ్

మీ చెల్లికి రొమ్ము క్యాన్సర్ అన్నారు, కీమో దగ్గరపడిందన్నారు. పూర్తిగా ఎదగని అండాలను ఫ్రీజ్ చేస్తే తర్వాత పనికొస్తాయా అని అడిగారు. పనికొస్తాయి. కానీ తీసినవి తీసినట్టే గడ్డకట్టించొద్దు, ల్యాబ్‌లో ఎదిగాకే చేయించండి. ఈ విషయంలో నేను ఎవరు చెప్పినా వినను.

నాకూ ఇదే జబ్బు. ఇంజెక్షన్లతో అండాలు పెంచాలంటే దాదాపు రెండు వారాలు కావాలి, మా డాక్టరు అంత టైమ్ ఇవ్వలేదు. అందుకని ఇంజెక్షన్లు లేకుండానే చిన్న అండాలు తీసి, కాయలు కోసి గడ్డిలో మాగేసినట్టు ల్యాబ్‌లో ఉంచారు. తర్వాత ల్యాబ్‌లో అండాలను చూసుకునే ఎంబ్రియాలజిస్టు మేడమ్ మానిటర్ మీద ఫొటోలు చూపించారు. ఒక అండం మధ్యలో పల్చటి వలయం, అందులో చుక్క. "ఇది ఇంకా పండలేదమ్మా" అన్నారు. పక్కదాంట్లో వలయం లేదు, అంచున చిన్న బుడిపె ఉంది. "ఈ బుడిపె వచ్చిందంటే రెడీ. వీటినే ఫ్రీజ్ చేస్తాం."

మిగతావి కూడా దాచొచ్చు కదా అని పట్టుబట్టాను. ఆవిడ ఓపిగ్గా చెప్పారు. అండం నిండా నీళ్లే. లోపల మంచు పలుకులు కట్టకుండా క్షణాల్లో మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచుతారు. పండని అండంలో క్రోమోజోములు కేంద్రకంలోనే భద్రంగా ఉంటాయి కాబట్టి అది బతకడం వరకు బతుకుతుంది. కానీ దానికి తిండి, సంకేతాలు అందించేవి చుట్టూ ఉన్న కణాలు. ఫ్రీజింగ్‌లో ఆ లింకు తెగితే, కరిగించాక చాలావరకు ఎదుగుదల ఆగిపోతుంది.

ఫ్రాన్స్‌లో ఇలాగే 29 ఏళ్లామెకు ఏడు అండాలు తీసి, ల్యాబ్‌లో ఎదిగిన ఆరింటిని దాచారు. ఐదేళ్ల తర్వాత వాటిని వాడితే 2019లో బాబు పుట్టాడు. ఆ వార్త ప్రింటౌట్ ఇప్పటికీ నా ఫైల్లో ఉంది.

నాకు మండేది ఇంకోటి. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా ఎగ్ ఫ్రీజింగ్ హోర్డింగులే, అన్నిట్లో నవ్వే సాఫ్ట్‌వేర్ అమ్మాయిలే. నాకు వైద్యం చేసిన క్యాన్సర్ ఆసుపత్రిలో మాత్రం ఈ మాట పెద్ద డాక్టరు నోట రాలేదు. కీమో డేట్ ఇచ్చాక ఒక నర్సమ్మ గొంతు తగ్గించి చెప్పింది. సైక్లోఫాస్ఫమైడ్ లాంటి కీమో మందులు అండాశయాలను దెబ్బతీస్తాయని ఆయనకు తెలియదా? పెళ్లికాని పిల్ల కదా, ఇప్పుడెందుకనుకున్నారా? మా పెద్దమ్మ కూడా "ముందు ప్రాణం దక్కనీ, పిల్లల సంగతి తర్వాత" అంది. తర్వాత అంటే అండాలే మిగలకపోవచ్చు పెద్దమ్మా అని నేనే చెప్పాల్సి వచ్చింది.

కీమో డాక్టరు రెండు వారాలు ఆగొచ్చంటే ఇంజెక్షన్ల దారే మేలు, ఎదిగిన అండాలు ఎక్కువ దొరుకుతాయి. ఇంజెక్షన్లతో ఈస్ట్రోజెన్ హార్మోన్ పెరిగి క్యాన్సర్‌కి ఊతమిస్తుందేమోనని టెన్షన్ పడకండి, దాన్ని తగ్గించే లెట్రోజోల్ అనే మందు కలిపి ఇస్తారు. ఆగకూడదంటే, అండాలను ల్యాబ్‌లో పెంచే పద్ధతి మీ దగ్గర ఉందా, పండినవెన్ని ఫ్రీజ్ చేశారో కాగితం మీద రాసిస్తారా అని అడగండి. నీళ్లు నమిలితే అదే రోజు ఇంకో సెంటర్‌కి వెళ్లండి.