ఆపరేషన్‌కు ముందు విటమిన్ ఎ వేసుకుంటే ఆసుపత్రి ఇన్ఫెక్షన్లు రావా?

ప్రశ్న: మా నాన్నగారి వయసు 66 ఏళ్లు. గత ఏడాది ఆపరేషన్ తర్వాత ఆసుపత్రిలోనే మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. అప్పటి రక్తపరీక్షలో విటమిన్ ఎ తక్కువగా ఉందన్నారు. వచ్చే నెల హెర్నియా ఆపరేషన్ ఉంది. ఈలోగా ఎక్కువ మోతాదులో విటమిన్ ఎ క్యాప్సూల్స్ వేసుకుంటే మళ్లీ ఇన్ఫెక్షన్ రాదని తెలిసినవారు అంటున్నారు. వేయమంటారా?

జవాబు: వద్దండి. ఊపిరితిత్తులు, పేగులు, మూత్రనాళాల లోపలి పొర ఆరోగ్యంగా ఉండటానికి విటమిన్ ఎ అవసరమే కాబట్టి, ఆ మాట పూర్తిగా నిరాధారమని అనలేం. కానీ లోపం లేనివారు అదనంగా వేసుకుంటే ఆసుపత్రి ఇన్ఫెక్షన్లు ఆగుతాయనడానికి నమ్మదగిన ఆధారాలు లేవు.

గత ఏడాది రిపోర్టు సంగతికి వస్తే, ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఈ విటమిన్‌ను రక్తంలో మోసుకెళ్లే ప్రొటీన్‌ను కాలేయం తక్కువగా విడుదల చేస్తుంది. అందువల్ల కాలేయంలో నిల్వలు నిండుగా ఉన్నా రక్తంలో విటమిన్ తగ్గినట్టు కనిపిస్తుంది. అనుమానం ఉంటే ఆరోగ్యంగా ఉన్నప్పుడు, సీఆర్‌పీ (ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు ఉన్నాయేమో చెప్పే రక్తపరీక్ష)తో కలిపి మళ్లీ పరీక్ష చేయించండి. నిజంగానే లోపం ఉంటే మోతాదు డాక్టర్ నిర్ణయిస్తారు.

తట్టు సోకిన, ఏడాది దాటిన పిల్లలకు వరుసగా రెండు రోజులు 2 లక్షల యూనిట్ల చొప్పున విటమిన్ ఎ ఇస్తారు. బహుశా మీవాళ్లు విన్నది దాని గురించే కావచ్చు. పెద్దలకు రోజుకు 700 నుంచి 900 మైక్రోగ్రాములు చాలు. మాత్రల రూపంలో 3,000 మైక్రోగ్రాములు, అంటే 10,000 యూనిట్లు దాటకూడదు. ఇది కొవ్వులో కరిగే విటమిన్ కావడంతో ఎక్కువైనది మూత్రంలో పోకుండా కాలేయంలో పేరుకుంటుంది. తలనొప్పి, వాంతులు, చర్మం పొట్టు రాలడం, చివరికి కాలేయం దెబ్బతినడం వరకూ వెళ్లవచ్చు. డాక్సీసైక్లిన్ వంటి యాంటీబయాటిక్‌తో కలిస్తే తలలో ఒత్తిడి పెరిగే ప్రమాదమూ ఉంది.

మీ నాన్నగారికి అప్పుడు మూత్రం గొట్టం వేసి ఉంటే, అసలు కారణం చాలావరకు అదే అయి ఉంటుంది. లోపలి పొర ఎంత ఆరోగ్యంగా ఉన్నా, గొట్టం బయటి నుంచి నేరుగా మూత్రాశయంలోకి దారి తెరుస్తుంది. గొట్టం గోడలకు బ్యాక్టీరియా జిగురులా అంటుకుని పెరుగుతుంది, రోజు గడిచేకొద్దీ ముప్పు ఎక్కువవుతుంది. స్ట్రెచర్ మీదికి మార్చేటప్పుడు మూత్రం సంచిని రోగి పొట్ట మీద పెట్టేయడం నేను తరచూ చూస్తుంటాను. అలా పెడితే సంచిలోని మూత్రం వెనక్కి పారుతుంది. సంచి ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే ఉండాలి, నేలకు మాత్రం తగలకూడదు. హెర్నియా ఆపరేషన్‌లో చాలామందికి గొట్టమే అవసరం ఉండదు. ఒకవేళ వేస్తే, రౌండ్స్‌కు వచ్చిన డాక్టర్‌ను రోజూ ఉదయం "ఇది ఇంకా ఉండాలా?" అని మొహమాటం లేకుండా అడగండి. తాకే ముందు చేతులు శుభ్రం చేసుకోమని సిబ్బందిని కోరడం కూడా తప్పు కాదు.

ఆపరేషన్ చోట ఇంట్లో బ్లేడుతో గీయించకండి. చర్మం మీద పడే సన్నని గాట్లలో సూక్ష్మక్రిములు చేరతాయి. షుగర్ ఉంటే అదుపులో ఉంచాలి. పొగతాగే అలవాటుంటే ఇప్పుడే మానిపించండి. అటువంటివారికి, ఒంట్లో విటమిన్ ఎగా మారే బీటా కెరోటిన్ మాత్రలు కూడా ఇవ్వకూడదు. 1990లలో జరిగిన రెండు పెద్ద అధ్యయనాల్లో వాటిని వాడిన పొగతాగేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరిగింది.

గత ఏడాది యూరిన్ కల్చర్ రిపోర్టు దొరికితే సర్జన్‌కు ముందే చూపించండి. అప్పుడు ఏ బ్యాక్టీరియా వచ్చిందో, ఏ మందుకు లొంగిందో అందులో ఉంటుంది.